లింక్ ఎవరు పంపారు? వాట్సాప్‌లో నడిచిన ఒక నర్సింగ్ రీసెర్చ్ కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆ విద్యార్థిని ఒప్పుకుంది. ఆమె పేరు, కాలేజీ, బ్యాచ్, జవాబులిచ్చిన నర్సులు పనిచేసే ఆసుపత్రులు ఇక్కడ ఉండవు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. ఫలితాల శాతాలు థీసిస్‌లో ఉన్నాయి, ఇక్కడ వాటితో పెద్దగా పనిలేదు.

నేపథ్యం

ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం అమ్మాయి. పీజీకి రాకముందు గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేసింది. అక్కడ చూసిందే డిసర్టేషన్ టాపిక్ అయింది: వాడిన సూది గుచ్చుకున్నా నర్సులు ఆ సంగతి పైకి ఎందుకు చెప్పరు?

టాపిక్ మంచిది. హెపటైటిస్ బి ఉన్న పేషెంటుకు వాడిన సూది, టీకా వేసుకోని నర్సుకు గుచ్చుకుంటే సోకే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. హెచ్‌ఐవీ విషయంలో అది సుమారు 0.3 శాతం. వెంటనే చెబితే రెండింటికీ చేయగలిగింది చాలా ఉంది. వారం దాచిపెట్టి చెబితే చేయగలిగింది తక్కువ. 2016 నాటి బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం సిబ్బందికి హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు వేయించడం, సూది గుచ్చుకున్న ఘటనల్ని నమోదు చేయడం ఆసుపత్రి బాధ్యత. అంటే నర్సు నోరు విప్పితే విషయం రికార్డులోకి ఎక్కుతుంది. రికార్డులోకి ఎక్కడం అందరికీ ఇష్టం ఉండదు.

ఆమె మామూలు పద్ధతిలోనే మొదలుపెట్టింది. కాలేజీ లెటర్‌హెడ్ మీద పర్మిషన్ లెటర్లు పట్టుకుని గుంటూరు కొత్తపేట, విజయవాడ సూర్యారావుపేటల్లో ఆసుపత్రుల చుట్టూ తిరిగింది. ఒకచోట ఏఓ (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) గారు లేరన్నారు. ఇంకోచోట హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టమన్నారు, ఆ మెయిల్‌కి జవాబు రాలేదు. ఒకాయన మాత్రం మొహం మీదే చెప్పాడట: "మా దగ్గర అలాంటివి జరగవమ్మా. వేరే టాపిక్ చూసుకో."

అప్పుడు వాట్సాప్ వైపు తిరిగింది. ఆ ఆలోచనలో తప్పేం లేదు. ప్రైవేటు నర్సులు ఆర్నెల్లకో ఏడాదికో ఆసుపత్రి మారతారు. నైట్ అంటే చాలాచోట్ల పన్నెండు గంటలు. పగలంతా హాస్టల్లో నిద్ర. ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో చెప్పే జాబితా ఎవరి దగ్గరా దొరకదు. ఆసుపత్రి మారినా మారనిది ఫోన్ నంబరూ, అందులోని బ్యాచ్ గ్రూపూ. ఎథిక్స్ కమిటీ కూడా ఆన్‌లైన్ ఫారానికి ఒప్పుకుంది.

నా దగ్గరికి వచ్చేసరికి

నేను రీసెర్చ్ మెథడాలజీ చెబుతాను. డేటా చేతికొచ్చాక స్టాటిస్టిక్స్ కోసం చుట్టుపక్కల కాలేజీల పిల్లలు కూడా నా దగ్గరికి వస్తుంటారు. ఈ అమ్మాయీ అలాగే ల్యాప్‌టాప్ తెరుచుకుంటూనే వచ్చింది.

"మేడమ్, శాంపిల్ అయిపోయింది. 384 దాటేసింది. కై స్క్వేర్ చేసుకుంటే చాలు."

ఈ 384 మన పిల్లలకు తారకమంత్రం. ఎంతమందిలో ఉందో తెలియని సమస్యకు 50 శాతం అనుకుని, 5 శాతం తేడాను ఒప్పుకుంటే, ఫార్ములాలోంచి పడే సంఖ్య అది. ఆ ఫార్ములాకు ఒక షరతుంది. మనుషుల్ని యాదృచ్ఛికంగా ఎంచుకుని ఉండాలి. గ్రూపులో లింక్ పడేసి, నింపినవాళ్లను లెక్కపెట్టుకుంటే 384 అయినా 3,840 అయినా ఆ షరతు తీరదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి పోస్టు కార్డులు పంపి, ఇరవై లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుని, లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఈ కథ క్లాసులో ప్రతి ఏడాదీ చెబుతాను. విన్నవాళ్లు తలూపుతారు, తర్వాత వెళ్లి గ్రూపులో లింక్ పడేస్తారు.

ఎక్సెల్ షీటులో మొదట చూసేది జవాబుల్ని కాదు, టైమ్ స్టాంప్ ఉన్న మొదటి కాలమ్‌ని. మామూలుగా జవాబులు చెదురుమదురుగా వస్తాయి. ఇక్కడ ఒకచోట అరగంటలోపే వరసగా ఇరవైకి పైగా ఉన్నాయి, సరిగ్గా మార్నింగ్ హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత) అయ్యే సమయానికి. అన్నిట్లోనూ "గత ఏడాదిలో ఎన్నిసార్లు గుచ్చుకుంది?" అన్నదానికి సున్నా. "ఇన్సిడెంట్ రిపోర్టింగ్ విధానం తెలుసా?" అంటే అందరికీ తెలుసు. "యాజమాన్యం సహకరిస్తుందా?" అంటే అందరికీ పూర్తిగా సహకరిస్తుంది.

"ఇది ఏ గ్రూపమ్మా?" అన్నాను.

ఆమె ఫోన్‌లో వెతికింది. కాసేపటికి తెలిసినావిడ ఒకరు స్క్రీన్‌షాట్ పంపారు. ఒక ఆసుపత్రి వార్డు డ్యూటీ గ్రూపు. రోస్టర్లు, లీవు అడగడాలు, "ఓటీకి ఇద్దరు కావాలి" లాంటి మెసేజీలు. మధ్యలో మన లింక్. దాని కింద ఇన్‌చార్జ్ సిస్టర్ మెసేజ్: "అందరూ ఫిల్ చేసి స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టండి. ఈరోజే." కింద వరసగా "ధన్యవాదాలు, మీ జవాబు నమోదైంది" అని ఉన్న స్క్రీన్‌షాట్లు, ఒక్కోదానికి ఇన్‌చార్జ్ బొటనవేలు ఇమోజీ.

ఆవిడకు చెడు ఉద్దేశం ఉందని నేను అనుకోను. మన పిల్ల ప్రాజెక్టుకు సాయం చేద్దామనే పెట్టి ఉంటుంది. అయినా ఆ గ్రూపులో ఎవరైనా "నాకు మూడుసార్లు గుచ్చుకుంది, చెబితే తిడతారని చెప్పలేదు" అని నిజం రాస్తారా? ఫారం పైన "పాల్గొనడం పూర్తిగా మీ ఇష్టం" అని ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు పైవాళ్ల కింద పనిచేసేవాళ్ల సమ్మతి విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడమంటాయి. వాట్సాప్ గ్రూపులో ఆ జాగ్రత్త ఒక్క మెసేజ్‌తో ఎగిరిపోయింది.

మిగతా డేటాలోనూ చిక్కులున్నాయి. నర్సింగ్ జాబ్స్ గ్రూపుల్లోంచి వచ్చినవాళ్లలో ఇంకా ఫైనలియర్ చదువుతున్నవాళ్లు, హైదరాబాద్‌లో పనిచేసేవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగానికి కోచింగ్ తీసుకుంటూ ఇంట్లో ఉన్నవాళ్లు కలిసిపోయారు. జిల్లా అడిగిన ప్రశ్న ఇంకో తలనొప్పి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక నరసరావుపేట పల్నాడులోకి వెళ్లింది, విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. కానీ నరసరావుపేట అమ్మాయిని ఏ జిల్లా అని అడిగితే ఇప్పటికీ గుంటూరనే అంటుంది. పైగా ఫారంలో "జవాబుల సారాంశం చూడండి" అన్న సెట్టింగ్ ఆన్‌లో ఉంది. నింపినవాళ్లెవరైనా మిగతావాళ్లు ఏం రాశారో చూడొచ్చు.

మొదటి నిర్ణయం: డేటాను ఏం చేయాలి

మూడు దారులున్నాయి. అనుమానం ఉన్న ఆ ఇరవై చిల్లర జవాబుల్ని తీసేసి మిగతావి వాడుకోవడం మొదటిది. గైడ్ గారు దీనివైపే మొగ్గారు, సబ్మిషన్ డేట్ దగ్గరపడుతోంది కాబట్టి. నాకు నచ్చలేదు. అవి అనుమానాస్పదం అని తెలిసింది ఒకేసారి వచ్చాయి కాబట్టి. ఇంకో ఇన్‌చార్జ్ "ఈ వారంలోగా ఫిల్ చేయండి" అని పెట్టి ఉంటే జవాబులు చెదిరిపోయి ఉంటాయి, మనకు కనిపించవు. ఏరిపారేసింది మనకు కనిపించిన కలుపును మాత్రమే అవుతుంది.

రెండోది, అన్నీ ఉంచి "పరిమితులు" అనే పేరాలో ఒక వాక్యం రాసేయడం. ఇది మన దగ్గర బాగా నడిచే పద్ధతి. కానీ భయం వల్ల నర్సులు చెప్పడం లేదు అనేదే ఇక్కడ పరిశోధన. ఆ భయంతోనే నింపిన ఫారాలతో దాన్ని కొలిస్తే, రాబోయే ఫలితం "అంతా బాగానే ఉంది" అని వస్తుంది. దాన్ని పట్టుకుని రేపెవరైనా "చూశారా, మన దగ్గర సమస్య లేదు" అంటారు.

మూడోది, ఈ డేటా మొత్తాన్ని పైలట్ (ముందస్తు ప్రయోగం) కింద పక్కన పెట్టి, ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టడం. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు రోజులు ఆలోచించుకుని తనే ఫోన్ చేసింది: "మేడమ్, ఐసీయూలో నేనూ ఆ గ్రూపులోనే ఉండేదాన్ని. నేనైనా సున్నా అనే రాసేదాన్ని. మళ్లీ చేద్దాం."

ప్రయత్నించి వదిలేసినవి

ఒకరు రెండుసార్లు నింపకుండా "ఒక్కసారే" అన్న సెట్టింగ్ పెట్టి చూశాం. అలా పెడితే గూగుల్ అకౌంట్‌తో లాగిన్ కావాలి. మెయిల్ ఐడీ మనకు రాదు, ఫారం మీద కూడా షేర్ కావడం లేదనే ఉంటుంది. కానీ నింపే మనిషికి పేజీ పైన తన మెయిల్ ఐడీయే కనిపిస్తుంది. పరీక్షకు ఇచ్చిన నర్సుల్లో ఒకామె దాన్ని చూడగానే ఫోన్ తిప్పి చూపించింది: "ఇదిగో, నా పేరు ఇక్కడే ఉంది కదా మేడమ్?" ఆమెకు ఎంత వివరించినా లాభం లేదు, వివరించాల్సి వచ్చిందంటేనే పని చెడినట్టు. డూప్లికేట్లు కొన్ని వస్తే రానీ అనుకుని లాగిన్ తీసేశాం. బదులుగా నర్సుగా రిజిస్ట్రేషన్ అయిన సంవత్సరం ఒకచోట, మొత్తం సర్వీసు ఇంకోచోట అడిగాం. రెండూ పొసగని ఫారాలను విడిగా పెట్టి చూసుకోవచ్చు.

నింపినవాళ్లకు యాభై రూపాయల రీఛార్జ్ ఇద్దామని గైడ్ గారు అన్నారు. కొద్దిమందితో చూశాం. రీఛార్జ్ చేయాలంటే నంబరు కావాలి, నంబరు తీసుకుంటే పేరు తీసుకున్నట్టే. నంబరు వేరే ఫారంలో తీసుకున్నా, ఇక్కడ ఒకేలాంటి జవాబులు వెంటవెంటనే రావడం మొదలైంది. డబ్బు కోసం నింపేవాళ్లు నర్సులే అయి ఉండాలన్న నియమమూ లేదు. ఆపేశాం.

ఫేస్‌బుక్ అనుభవం కాస్త వివరంగా చెప్పాలి. నర్సులు ఎక్కువగా ఉండే ఒక గ్రూపులో, అడ్మిన్ అనుమతితో, స్టడీ గురించి పోస్టు పెట్టింది. జవాబులు ఫారంలోకి రావాలి. కానీ జనం ఫేస్‌బుక్‌లో మాట్లాడేది కామెంట్లలో. గంట తిరక్కుండానే ఒకమ్మాయి తన ఫ్రెండ్‌ని ట్యాగ్ చేసి "ఒసేయ్, మొన్న నీకు క్యాన్యులా సూది గుచ్చుకుంది కదే, ఇది నీకే" అని నవ్వుతున్న బొమ్మలతో పెట్టింది. ట్యాగ్ చేసిన ప్రొఫైల్‌లో ఆసుపత్రి పేరు ఉంది, యూనిఫాంలో ఫోటో ఉంది. సరదాగా పెట్టిందే, కానీ ఆ పిల్ల ఉద్యోగానికి ముప్పు. వెంటనే అడ్మిన్‌కి చెప్పి పోస్టు తీయించేశాం.

"పబ్లిక్‌గా పెట్టినవే కదా మేడమ్, కామెంట్లు స్క్రీన్‌షాట్ తీసి క్వాలిటేటివ్ డేటాగా వాడుకోవచ్చా?" అని అడిగింది. తెలివైన ప్రశ్నే. కానీ కామెంట్ పెట్టినామె ఫ్రెండుతో మాట్లాడింది, మనతో కాదు. ట్యాగ్ అయినామె అసలు నోరే విప్పలేదు. పేరు తీసేసి ఆ వాక్యాన్ని థీసిస్‌లో పెట్టినా, గ్రూపులో చూసిన వందలమందికి అది ఎవరి మాటో తెలుసు. వాడలేదు.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు కూడా చూశాం. మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. అంటే తెలిసినవాళ్లకే మళ్లీ పంపినట్టు.

పనిచేసినవి

అన్నిటికన్నా పనికొచ్చింది ఫారంలో మొదటి ప్రశ్న మార్చడం. వయసు, చదువు అన్నీ వెనక్కి నెట్టి, మొట్టమొదట ఇది పెట్టాం: "ఈ లింక్ మీకు ఎవరు పంపారు?" ఫ్రెండ్ లేదా బ్యాచ్‌మేట్, తోటి స్టాఫ్ నర్సు, ఇన్‌చార్జ్ లేదా సూపర్‌వైజర్, హెచ్‌ఆర్ లేదా ఆఫీసు, ఏదో గ్రూపులో చూశాను.

ఇన్‌చార్జ్ అనో హెచ్‌ఆర్ అనో నొక్కినవాళ్లను ఏం చేయాలి? "మీరు పాల్గొనడానికి అర్హులు కారు" అని చూపిస్తే, ఆ మనిషి గ్రూపులో పెట్టాల్సిన స్క్రీన్‌షాట్ ఉండదు. "నువ్వెందుకు ఫిల్ చేయలేదు?" అన్న ప్రశ్న ఆమె మీదే పడుతుంది. అందుకని ఆ ఎంపిక నొక్కితే ఒక చిన్న పేజీ తెరుచుకునేలా పెట్టాం: "మీకు నింపాలని లేకపోతే ఇక్కడే సబ్మిట్ నొక్కండి. మీ జవాబులేవీ తీసుకోము." సబ్మిట్ నొక్కితే అందరికీ వచ్చే ధన్యవాదాల పేజీయే వస్తుంది. అదే రంగు, అవే అక్షరాలు. స్క్రీన్‌షాట్ తీసుకుని గ్రూపులో పెట్టుకోవచ్చు. ఇన్‌చార్జ్ బొటనవేలు పెడుతుంది, మన షీటులో ఒక్క గడి తప్ప అంతా ఖాళీ. ఆ ఖాళీ వరసలు ఎన్ని వచ్చాయన్నది కూడా ఒక ఫలితమే, థీసిస్‌లో దానికి ఒక పేరా ఇచ్చాం.

ఇది నర్సుల చేత అబద్ధమాడించడం కాదా అని కమిటీలో ఒకరు అడిగారు. సబ్మిట్ చేశానన్నది నిజమే కదా అన్నాం. అంతకుమించి చెప్పాల్సిన బాధ్యత ఆమెకు లేదు.

రెండోది, దారికో లింక్. ఒకే ఫారాన్ని కాపీలు తీసి, ఒక్కో దారికి ఒక్కోటి ఇచ్చాం. బ్యాచ్‌మేట్ల ద్వారా వెళ్లేది ఒకటి, హాస్టళ్ల ద్వారా వెళ్లేది ఒకటి, జాబ్ గ్రూపులకు ఒకటి. నర్సు పేరు తెలియదు, ఏ దారిన వచ్చిందో తెలుస్తుంది. విడివిడి షీటుల్లో చూస్తే తేడా కళ్లకు కట్టింది. స్నేహితురాలు స్నేహితురాలికి పంపిన దారిలో గుచ్చుకున్న సంగతులు, దాచడానికి కారణాలు వివరంగా వచ్చాయి. జాబ్ గ్రూపుల దారిలో చాలావరకు పైపై జవాబులు. అన్నీ ఒకే లింక్‌లోకి పోసి ఉంటే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు.

మూడోది, గ్రూపుల్ని వదిలి మనిషి నుంచి మనిషికి వెళ్లడం. ఇన్‌చార్జ్ కాని, నలుగురూ నమ్మే సీనియర్ స్టాఫ్ నర్సుల్ని వేర్వేరు ఆసుపత్రులనుంచి, వేర్వేరు కాలేజీల్లో చదివినవాళ్లను వెతికి పట్టుకుంది. ఒక్కొక్కరి గొలుసుకూ విడి లింక్. ఒక్కొక్కరూ తమకు తెలిసిన ముగ్గురికి మాత్రమే, గ్రూపులో కాకుండా విడిగా పంపాలి. ఇలాంటి గొలుసు పద్ధతికి హెకథార్న్ అనే సామాజిక శాస్త్రవేత్త 1997లో 'రెస్పాండెంట్ డ్రివెన్ శాంప్లింగ్' అనే పేరుతో ఒక పక్కా రూపం ఇచ్చాడు. అందులో కూపన్లు ఉంటాయి, ఒక్కొక్కరికి ఎంతమంది తెలుసో అడిగి దాన్నిబట్టి లెక్క సరిచేస్తారు. మనం అవేమీ చేయలేదు కాబట్టి ఆ పేరు వాడొద్దని, స్నోబాల్ అనే రాయమని చెప్పాను. వాడని పద్ధతి పేరు టైటిల్‌లో పెట్టుకుంటే వైవాలో దొరికిపోవడం ఖాయం.

లింక్ అంటేనే జనానికి భయం ఇప్పుడు. నొక్కితే అకౌంట్ ఖాళీ అవుతుందని బ్యాంకులు, పోలీసులు చెబుతూనే ఉన్నారు, అది మంచిదే. అందుకే లింక్‌కి ముందు ఆమె తన గొంతుతో తెలుగులో నిమిషం లోపు వాయిస్ మెసేజ్ పెట్టింది. అందులో కొంత:

"నమస్తే సిస్టర్. నేనూ మీలాగే నైట్ డ్యూటీలు చేసినదాన్నే. సూది గుచ్చుకున్న సంగతి గురించి చదువుకోసం అడుగుతున్నాను. పేరు వద్దు, నంబరు వద్దు, ఆసుపత్రి పేరు అసలే వద్దు. ఇష్టం లేకపోతే వదిలేయండి, ఏమీ అనుకోను. మీ పైవాళ్లెవరైనా నింపమంటే మాత్రం, మొదటి ప్రశ్నలో ఆ మాట చెప్పేయండి, మిగతాది మేం చూసుకుంటాం."

ఇక్కడ వాట్సాప్ పెట్టిన అడ్డంకి ఒకటుంది. చాలాసార్లు చేతులు మారిన మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు పడుతుంది, ఆ తర్వాత దాన్ని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపగలరు. ఆ గుర్తు చూస్తే "గుడ్ మార్నింగ్" మెసేజ్‌తో సమానంగా తీసిపారేస్తారు. అందుకే ప్రతి గొలుసుకూ వాయిస్ మళ్లీ కొత్తగా రికార్డు చేసి పంపింది. మొదటిదాంట్లో గొంతు వణికిందని, తర్వాతవాటిలో బాగా వచ్చిందని తనే నవ్వుకుంది.

ఊరు, వార్డు, వయసు, లింగం అన్నీ విడివిడిగా అడిగితే పేరు అడగకపోయినా మనిషి దొరికిపోతాడు. చిన్న ఊళ్లో డయాలసిస్‌లో పనిచేసే మేల్ నర్సు ఎంతమంది ఉంటారు? కాబట్టి ఊరు ప్రశ్నను "విజయవాడ నగరం, గుంటూరు నగరం, చుట్టుపక్కల ఊళ్లు" అని మూడు ముక్కలకు కుదించాం. దాంతో జిల్లాల గందరగోళమూ తీరింది. వయసుకు పదేళ్ల అంతరం పెట్టాం. వార్డును క్రిటికల్ కేర్, మిగతావి అని రెండే చేశాం. విశ్లేషణలో కొంత సూక్ష్మం పోయింది. పోనీ అనుకున్నాం.

"మొన్న నైట్‌లో గుచ్చుకుంది"

పేరు లేని సర్వే అన్నాక ఒక చిక్కు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నింపే మనిషికి ఇప్పుడే, ఈ వారమే గుచ్చుకుని ఉంటే? అందుకని ఫారంలో ఒక మలుపు ముందే పెట్టాం. చివరిసారి గుచ్చుకున్నది గత వారం రోజుల్లో అని నొక్కితే, మిగతా ప్రశ్నల కంటే ముందు ఒక పేజీ వస్తుంది. హెచ్‌ఐవీకి నివారణ మందులు వీలైతే రెండు గంటల్లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా పూర్తికాకపోతే ఇమ్యునోగ్లోబ్యులిన్ (యాంటీబాడీల ఇంజెక్షన్) వీలైతే 24 గంటల్లో తీసుకోవాలి, టీకా కూడా మొదలుపెట్టాలి. గుచ్చుకున్నచోట పిండకుండా సబ్బుతో, నీళ్లతో కడగాలి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి వెళ్లాలి. 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ఒకరోజు ఉదయం షీటు తెరిస్తే, తెల్లవారుజామున వచ్చిన ఒక ఫారం చివరి గడిలో ఇలా ఉంది: "మొన్న నైట్‌లో గుచ్చుకుంది. పేషెంట్ హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్. టీకా రెండు డోసులే అయ్యాయి. ఎవరికీ చెప్పలేదు."

అంటే ఆ పేషెంటుకు హెపటైటిస్ బి ఉంది. అమ్మాయికి చేతులు ఆడలేదు. ఫారంలోని సలహా పేజీ ఆమెకు కనిపించే ఉంటుంది. కానీ చదివిందో, దాటేసిందో? ఎవరో కనుక్కుని ఫోన్ చేద్దామంటే మన దగ్గర ఏమీ లేదు, ఉండకూడదనే అలా చేశాం. ఆసుపత్రుల ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సులకు చెప్పి వెతికిస్తే ఆ పిల్ల ఉద్యోగం మీదికి వస్తుంది, ఆ గొలుసులో మిగతావాళ్లంతా మనల్ని నమ్మడం మానేస్తారు.

దారికో లింక్ ఇచ్చింది ఇక్కడ అక్కరకొచ్చింది. ఆ ఫారం ఏ గొలుసులోంచి వచ్చిందో తెలుసు. ఆ గొలుసు మొదలుపెట్టిన సీనియర్‌కి వెంటనే ఇంకో వాయిస్ పంపి, లింక్ వెళ్లిన దారినే ముందుకు పంపమన్నాం. ఎవరో ఒకరికి అని కాకుండా అందరికీ చెప్పినట్టు: "సిస్టర్స్, ఈ మధ్య ఎవరికైనా గుచ్చుకుని ఉంటే, టీకా డోసులు పూర్తికాకపోతే ఈరోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎంత త్వరగా పడితే అంత మంచిది, వారం దాటితే నమ్మకం లేదు. యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ (టీకా రక్షణను కొలిచే రక్తపరీక్ష) 10 కంటే తక్కువ ఉంటే రక్షణ లేనట్టే. తోడు కావాలంటే నాకు ఫోన్ చేయండి, పేరు అడగను." ఫోన్లు వచ్చాయి. వాటిలో ఆ ఫారం రాసినామె ఉందో లేదో అడగలేదు.

నర్సు నంబరూ పేరూ తీసుకుని ఉంటే నేరుగా సాయం చేసేవాళ్లం కదా అని ఎథిక్స్ కమిటీకి నివేదించినప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. పేరు అడిగి ఉంటే ఆ గడిలో ఆ నాలుగు వాక్యాలు ఉండేవి కావు.

థీసిస్‌లో ఏం రాశాం, ఏం రాయలేదు

టైటిల్‌లోంచి "ప్రివలెన్స్" తీసేశాం. ఎంతమందికి లింక్ చేరిందో తెలియనప్పుడు ఎంత శాతం మందికి గుచ్చుకుందో చెప్పే హక్కు లేదు. ఆన్‌లైన్ సర్వేలను రిపోర్ట్ చేయడానికి 2004లో వచ్చిన చెర్రీస్ అనే చెక్‌లిస్టు ప్రకారం ఎంతమంది చూశారు, ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది పూర్తిచేశారు అని వేర్వేరుగా చెప్పాలి. గూగుల్ ఫారం చూసినవాళ్లను లెక్కపెట్టదు. పొట్టి లింకులు వాడితే క్లిక్కులు తెలుస్తాయి కానీ, అలాంటి లింక్ చూస్తే నర్సులు ఇంకా భయపడతారు. కాబట్టి ఆ గడుల్లో "తెలియదు" అని రాశాం. చెక్‌లిస్టులో తెలియదు అని రాయడానికి మన పిల్లలకు ఎందుకో నామోషీ.

మిగిలింది కారణాల విశ్లేషణ, అది గట్టిగా వచ్చింది. తిడతారన్న భయం, పరీక్షల ఖర్చు తమ నెత్తినే పడుతుందన్న అనుమానం, "మూత పెట్టకుండా సూదిని నేరుగా డబ్బాలో ఎందుకు వేయలేదు" అని తప్పు తమ మీదికే తిప్పుతారన్న నమ్మకం. షుగర్ పరీక్షకు వేలు గుచ్చే గ్లూకోమీటర్ లాన్సెట్ గుచ్చుకుంటే దాన్ని లెక్కలోకే తీసుకోనివాళ్లు చాలామంది. నైట్‌లో ఎవరికి చెప్పాలో తెలియకపోవడం మాత్రం నేను ఊహించలేదు. ఉదయం వరకు ఆగడం, ఉదయం హ్యాండోవర్ హడావుడిలో మర్చిపోవడం. ఇది భయం కాదు, రాత్రి పూట బాధ్యత ఎవరిదో రాసి ఉండకపోవడం. ఆసుపత్రి అనుకుంటే ఒక్కరోజులో సరిచేయగల విషయం.

వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొదటి ప్రశ్నే "384 ఎందుకు లేదు?" అని. అమ్మాయి దారులవారీగా తీసిన పట్టిక తెరిచి, ఖాళీ వరసల పేరా చూపించింది. ఆయన ఆ పేరాను రెండుసార్లు చదివి, తర్వాత వేరే ప్రశ్నల్లోకి వెళ్లారు.

కొన్నాళ్లకు ఒక ఆసుపత్రినుంచి ఫోన్ వచ్చింది. తమ నర్సులు ఏం రాశారో విడిగా కావాలట, "క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ కోసం". ఆసుపత్రి పేరు అడిగే కాలమే ఫారంలో లేదని చెప్పాం. నమ్మలేదు. ఖాళీ ఫారం లింక్ పంపాం, చూసుకోమని.

తేలనిది ఒకటి మిగిలింది. మనం స్టాఫ్ నర్సుల గొలుసుల్లోనే వెళ్లాం కాబట్టి ఇన్‌చార్జ్ సిస్టర్లు దాదాపుగా ఎవరూ రాలేదు. వాళ్లకూ సూదులు గుచ్చుకుంటాయి. కిందివాళ్ల చేత రిపోర్ట్ రాయించాల్సిన మనిషి తనకు గుచ్చుకుంటే ఎవరికి చెబుతుంది? ఈ ఏడాది ఇంకో అమ్మాయి ఆ ప్రశ్న తీసుకుంది. ఇన్‌చార్జ్‌లు ఒకే ఆసుపత్రి గ్రూపుల్లో ఒకరి పక్కన ఒకరు ఉంటారు, బయట స్నేహాలు తక్కువ. వాట్సాప్ గొలుసు అక్కడ సాగడం లేదు. ప్రస్తుతానికి రిటైరైన ఇన్‌చార్జ్‌లతో ముఖాముఖి మాట్లాడుతోంది.